డోర్ నంబరు ఉంది, కనెక్షన్ లేదు

సోమవారం, పొద్దున పదకొండున్నర. నెల మొదటి వారం, అంటే వసూళ్ల వారం. కోస్తాలో ఒక మోస్తరు పట్టణం. మెయిన్ రోడ్డు మీద చెప్పుల షాపు పైన, రెండో అంతస్తులో కేబుల్, ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే ఆఫీసు. మీరింకా మెట్ల మీదే ఉన్నారు, లోపలి గోల అప్పుడే వినబడుతోంది.

"ఆరేళ్ల నుంచి కడుతున్నారన్నా, నాకు తెలీదా ఆ ఇల్లు? పదకొండు డాష్ ఒకటి డాష్ ఐదు. ఇంకోసారి కొట్టు," అంటున్నాడు స్పీకర్ ఫోన్లో కలెక్షన్ కుర్రాడు.

"కొట్టాన్రా బాబూ. సిస్టమ్‌లో ఆ డోర్ నంబరే లేదు," అంటున్నాడు కౌంటర్లో కూర్చున్నతను.

కౌంటర్ దాటి అద్దాల తలుపు తోస్తే చిన్న గది. యూపీఎస్ బ్యాటరీల వేడి, రౌటర్ల మినుకులు, గోడకి పోయిన నెల క్యాలెండర్. బల్ల ముందు కూర్చున్నావిడ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు హైదరాబాదు నుంచి పంపిన డేటాబేస్ ఇంజినీరు. శుక్రవారం పాత సర్వర్ పడిపోయిందనీ, శనివారమే కొత్తది ఎక్కించేశామనీ ఇక్కడివాళ్లు చెబితే, ఒకసారి చూసి రమ్మని పంపారు. రాత్రి బస్సులో వచ్చింది, బ్యాగు ఇంకా కుర్చీ పక్కనే ఉంది. మీరొక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఆవిడ వెనక కూర్చోండి. స్క్రీన్ బాగానే కనిపిస్తుంది.

శనివారం నాటి లాగ్ తెరిచి చదువుకుంటోంది. పాత మెషీన్ సెంటాస్ 7 మీద నడిచేది. దానికి 2024 జూన్ 30తోనే కాలం చెల్లింది. పనిచేస్తోంది కదా అని ఎవరూ కదపలేదు, చివరికి డిస్కుల్ని నడిపే రెయిడ్ కార్డు పోయి అదే ఆగిపోయింది. ఇక్కడి సిస్టమ్స్ కుర్రాడు కొత్త సర్వర్ మీద ఆల్మా లినక్స్ 9 వేశాడు. ఎలాగూ కొత్తదే కదా అని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా 16వ వెర్షన్ వేశాడు. బ్యాకప్ రీస్టోర్ సాఫీగా ముగిసింది గానీ డేటాబేస్ లేవలేదు. ఈ డేటా డైరెక్టరీని తయారుచేసింది 13వ వెర్షన్, ఇప్పుడు నడుస్తున్నది 16, రెండింటికీ పొసగదు అని లాగ్‌లో రాసి అక్కడికక్కడే ఆగిపోయింది. అతను 16 తీసేసి 13 వేశాడు. మళ్లీ రీస్టోర్. ఈసారి లేచింది.

ఇలా మొహం మీదే చెప్పేసే తగాదాలంటే డేటాబేస్ పని చేసేవాళ్లకి భయం ఉండదు. పోస్ట్‌గ్రెస్ మొదలయ్యే ముందు తన ఫైళ్లలో కొన్ని గుర్తులు చూసుకుంటుంది: ఏ వెర్షన్, కేటలాగ్ నంబరెంత, బ్లాక్ సైజెంత. ఒక్కటి తేడా వచ్చినా తలుపు తీయదు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ సరిచూసుకుని, తీసుకెళ్లిన బైట్లే తిరిగి తెచ్చానని లాగ్‌లో రాసుకుంది. అది నిజమే. ఒక్క బైటూ మారలేదు.

"మేడమ్, ఒకసారి ఇటు చూస్తారా?" కౌంటర్ అతను తల లోపలికి పెట్టాడు. "కొన్ని డోర్ నంబర్లు రావట్లేదు. అన్నీ కాదు, కొన్నే."

"ఫోన్ నంబరుతో వెతికితే?"

"దాంతో వస్తున్నాయి మేడమ్. కానీ కుర్రాళ్లందరూ డోర్ నంబరే చెప్తారు కదా."

ఆవిడ ఆ మాట విని ఒక్క క్షణం ఆగింది. దాన్ని మీరూ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

డోర్ నంబరు 11-1-5 కి సమానమైన వరస ఇమ్మని డేటాబేస్‌ని అడిగింది. సున్నా వరసలు. అదే ప్రశ్న ఇంకో రకంగా, డోర్ నంబరులో ఎక్కడైనా 11-1-5 ఉన్నవన్నీ ఇమ్మంది. వచ్చింది: కస్టమర్ పేరు, ఆరేళ్ల నాటి కనెక్షన్ తేదీ, పోయిన నెల బకాయితో సహా. ఎవరికైనా మొదట కలిగే అనుమానం కంటికి కనపడని అక్షరాల మీద. చివర ఖాళీ ఉండొచ్చు, లేదా వర్డ్ నుంచి కాపీ చేస్తే మామూలు అడ్డగీతకి బదులు పొడుగు గీత వచ్చి కూర్చుని ఉండొచ్చు. అక్షరాలు లెక్కపెట్టించింది: ఆరు. బైట్లు లెక్కపెట్టించింది: అవీ ఆరే. పొడుగు గీత అయితే ఒక్కోటి మూడేసి బైట్లు తినేది. అక్షరాల్లో తప్పు లేదు.

అప్పుడు ఎక్స్‌ప్లెయిన్ కొట్టింది, అంటే డేటాబేస్ ఆ వరసని ఏ దారిన వెతుకుతోందో చెప్పమంది. మొదటి ప్రశ్నకి డోర్ నంబర్ల ఇండెక్స్ మీదుగా, రెండోదానికి టేబులంతా మొదట్నుంచి చివరిదాకా గాలిస్తూ. తన సెషన్ వరకే ఇండెక్స్ దారులు మూసేసి మొదటి ప్రశ్నే మళ్లీ అడిగింది. 11-1-5 వచ్చేసింది.

"డేటా ఉంది," అంది ఎవరితోనో కాకుండా. "దారే పోయింది."

ఇప్పుడు డేటాబేస్ వదిలేసి లినక్స్ కమాండ్ లైనుకి వెళ్లింది. రెండే రెండు పంక్తులు, ఒకటి 1-1, ఇంకోటి 11. వాటిని వరసలో పెట్టమంది. కొత్త సర్వర్ 1-1 ముందు, 11 వెనక పెట్టింది. గదిలో మూలకి, లింకులు పడిపోతే చెప్పడానికని పెట్టిన పాత డబ్బా ఒకటుంది, ఇంకా సెంటాస్ 7 మీదే. దాని మీదా అదే కమాండ్. అక్కడ 11 ముందు, 1-1 వెనక.

సిస్టమ్స్ కుర్రాడు ముందుకి వంగాడు. "ఒకే కమాండ్ కదక్కా?"

"కమాండ్ ఒకటే. లైబ్రరీ వేరు."

పోస్ట్‌గ్రెస్ 13 మామూలుగా అక్షరాల వరసని తను నిర్ణయించదు. ఈ రెండింటిలో ఏది ముందని ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీని అడుగుతుంది. సెంటాస్ 7లో ఉన్నది జీలిబ్‌సీ 2.17, ఆల్మా 9లో 2.34. ఈ రెండిటి మధ్య 2018 ఆగస్టులో 2.28 వచ్చింది. అందులో ప్రపంచ భాషలన్నిటి వరస పట్టికనీ ఐఎస్ఓ 14651 ప్రమాణం కొత్త కూర్పుకి తగ్గట్టు తిరగరాశారు. మంచిపనే. కానీ పాత పట్టిక ప్రకారం సర్ది డిస్క్ మీద రాసి పెట్టిన ఇండెక్సులు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయో ఆ లైబ్రరీకి తెలిసే దారి లేదు. డెబియన్ 10కి మారినవాళ్లూ, రెడ్ హ్యాట్ 8కి మారినవాళ్లూ దీన్లో పడ్డారు. ఈ ఆఫీసు సెంటాస్ 7 మీద అంతకాలం ఉండిపోబట్టి, వాళ్లు ఎప్పుడో దాటేసిన గొయ్యి దగ్గరికి ఇప్పుడొచ్చింది.

తేడా ఎలా ఉంటుందో చూడ్డానికి మన డోర్ నంబర్లకంటే మంచి ఉదాహరణ దొరకదు. అడ్డగీతా, ఆపైన ఒక స్లాషూ లేని డోర్ నంబరు ఆంధ్రాలో గానీ తెలంగాణలో గానీ ఏ పాత పేటలో ఉంది? పాత లైబ్రరీ మొదటి విడత పోలికలో అడ్డగీతనీ, చుక్కనీ, ఖాళీనీ అసలు లెక్కలోకి తీసుకోదు. 1-11-5 అన్నా 11-1-5 అన్నా దానికి 1115 కిందే లెక్క. కాబట్టి పాత వరసలో 11-1-4 ముందు, 1-11-5 వెనక. కొత్త లైబ్రరీకి అడ్డగీత కూడా ఒక అక్షరమే, పైగా అంకెలన్నిటికంటే ముందొచ్చే అక్షరం. దాని లెక్కలో 1-11-5 ముందు, 11-1-4 వెనక.

ఇండెక్స్ వెతుకులాట అంతా ఈ ముందూ వెనకల మీదే నడుస్తుంది. పైనుంచి మొదలై ప్రతి మలుపులోనూ, నాక్కావలసింది ఈ కీకి ముందా వెనకా అని అడుగుతూ కిందికి దిగుతుంది. పాత లెక్కతో కట్టిన మలుపుల దగ్గర కొత్త లెక్కతో అడిగితే ఎడమకి వెళ్లాల్సింది కుడికి వెళుతుంది. చివరి పేజీకి చేరి, ఇక్కడ లేదు అనుకుని, సున్నా వరసలని చెబుతుంది. దాని మటుకు దానికి ఎక్కడా తప్పు జరగలేదు, అందుకే ఎర్రర్ రాదు. ఫోన్ నంబర్లలో ఉండేవి ఒట్టి అంకెలే. వాటి వరస ఏ లైబ్రరీలోనైనా ఒకటే, ఆ ఇండెక్స్ చెక్కుచెదరలేదు. శని, ఆదివారాల్లో ఫోన్ చేసిన కస్టమర్లందరినీ ఫోన్ నంబరుతోనే వెతికారు. అందుకే సోమవారం కుర్రాళ్లు వీధుల్లోకి వెళ్లేదాకా సంగతి బయటపడలేదు.

ఆవిడ కాంట్రిబ్ ప్యాకేజీ ఎక్కించి, ఆమ్‌చెక్ అనే ఎక్స్‌టెన్షన్ తెరిచింది. ఇండెక్సుల్లో వరస నిజంగా వరసలోనే ఉందో లేదో చూసే పనిముట్టు అది. కస్టమర్ ఐడీ ఇండెక్స్: ఏమీ అనలేదు, అంటే బాగున్నట్టు. ఫోన్: బాగుంది. డోర్ నంబరు: వరస నియమం తప్పింది, ఫలానా పేజీలో ఫలానా రెండు ఎంట్రీలు చూడండి. పేర్ల ఇండెక్స్: అదీ తప్పింది. మన పేర్ల ముందు పొడి అక్షరాలూ చుక్కలూ ఖాళీలూ ఉంటాయి కదా, ఇంటిపేరు ఒక్క అక్షరమైపోయిన ప్రతి రావుగారూ రెడ్డిగారూ ఇందులో ఇరుక్కున్నవాళ్లే.

"కౌంటర్ ఆపించండి సార్," అంది, అప్పుడే లోపలికొచ్చిన ఓనరుగారితో. "రసీదు పుస్తకాలున్నాయా? కాసేపు చేత్తో రాయండి."

"నెల మొదటి వారం అమ్మా!"

"అందుకే సార్. ఇప్పుడు సిస్టమ్‌లో ఏది రాసినా ఇంకా చిక్కుపడుతుంది."

అప్పుడు కౌంటర్ అతని మొహం చూడండి. గుమ్మంలో నిలబడి మెడ గోక్కుంటున్నాడు. "మేడమ్... పొద్దున్నుంచీ దొరకనివాళ్లని నేను కొత్త కనెక్షన్ కింద ఎక్కించేశాను. డబ్బులిస్తామంటుంటే వద్దనలేం కదా."

అతనిది తప్పనడానికి నాకు నోరు రాదు. డోర్ నంబరు మళ్లీ రాకుండా యునీక్ అని నియమం పెట్టింది డేటాబేస్. ఇంతకుముందు అలా ఎక్కిస్తే, ఈ డోర్ నంబరు ఉందని సాఫ్ట్‌వేరే ఆపేది. ఈ పొద్దున ఆపలేదు. ఆ నియమాన్ని కాపలా కాసేది ఆ ఇండెక్సే. పాత వరస కోసం వెతికి, తప్పు మలుపు తిరిగి, ఎవరూ లేరనుకుని కొత్తవాళ్లని లోపలికి పంపేసింది.

పేర్ల ఇండెక్స్‌ని ముందు రీఇండెక్స్ చేసింది, అంటే కొత్త లెక్కతో మొదట్నుంచి కట్టించింది. నిమిషం పట్టలేదు. డోర్ నంబర్లది మొదలుపెట్టగానే పోస్ట్‌గ్రెస్ మొండికేసింది: యునీక్ ఇండెక్స్ కట్టలేను, 11-1-5 రెండుసార్లుంది. ఇంతసేపూ నోరు విప్పనిది, సరైన లెక్కతో చూడమనగానే నిజం చెప్పింది. ఇండెక్స్ దారులు మూసే ఉంచి, ఒకటికంటే ఎక్కువసార్లున్న డోర్ నంబర్ల జాబితా తీసింది. దారులు తెరిచుంచి అడిగితే డేటాబేస్ మళ్లీ ఆ చెడ్డ ఇండెక్స్‌నే నమ్మి, జంటల్ని విడదీసి చూపించే ప్రమాదముంది. ఈ జాగ్రత్త మాన్యువల్లో ఎవరూ పెద్ద అక్షరాలతో రాయరు.

జాబితా స్క్రీన్ దాటి కిందికి పోయింది. ఇక్కడ పని మనుషులది.

చాలా జంటల్లో చిక్కు లేదు. పాత వరసకి ఏళ్ల చరిత్ర, కొత్త వరసకి ఈ పొద్దుటి ఒక్క రసీదు. రసీదుని పాత కస్టమర్ ఐడీకి మార్చి, కొత్త వరస తీసేయడమే. అంతకుముందు ఆ టేబుళ్లకి విడిగా ఒక కాపీ తీసుకుంది, మార్పులన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టింది. ఒక జంట దగ్గర మాత్రం చేయి ఆగింది. పాత వరసలో ఒక పేరు, కొత్తదాంట్లో పూర్తిగా వేరే పేరు, ఫోన్ నంబరూ వేరే. ఓనరుగారు ఆ వీధి కుర్రాడికి ఫోన్ కలిపారు.

"ఒరే, అక్కడ పాతోళ్లే ఉన్నారా, ఖాళీ చేశారా?"

"ఉన్నారు బాబాయ్, కింది పోర్షన్లో. ఈవేళ కట్టింది పై పోర్షనోళ్లు. మొన్న దిగారు, కొత్త కనెక్షన్ అడిగితే నేనే చెప్పా కౌంటర్‌కి."

డోర్ నంబరు పక్కన స్లాష్ పెట్టి ఒక ఎ చేర్చారు. జాబితాలో ఒకటి తగ్గింది. ఏ సాఫ్ట్‌వేరూ ఈ పని చేసిపెట్టదు, చేస్తానన్నదాన్ని నమ్మకూడదు కూడా.

ఆ జాబితా తరుగుతున్నంతసేపూ ఓనరుగారు పక్కనే నిలబడి అడుగుతూనే ఉన్నారు. "బ్యాకప్ తీసుకుంటున్నాం కదమ్మా, రోజూ గ్రీన్ టిక్ వస్తోంది కదా, మరి ఇదేంటి?"

బ్యాకప్పుల్లో రెండు జాతులున్నాయని ఆవిడ చెబుతోంది. ఇక్కడ తీస్తున్నది ఫిజికల్ బ్యాకప్, ఫైళ్లని ఉన్నవి ఉన్నట్టుగా, ఇండెక్సులతో సహా ఎత్తుకొచ్చేది. ప్రతి మార్పునీ వరసగా రాసిపెట్టే వాల్ ఫైళ్లు కూడా దాస్తుంది కాబట్టి శుక్రవారం రాత్రి మెషీన్ పోయిన ముందు నిమిషం దాకా డేటా దక్కింది. రెండోది పీజీ డంప్ లాంటి లాజికల్ బ్యాకప్. అందులో వరసలుంటాయి, ఇండెక్స్ ఎలా కట్టాలో ఆజ్ఞ ఉంటుంది, కట్టిన ఇండెక్స్ ఉండదు. కొత్త మెషీన్ మీద దించితే ఆ మెషీన్ లెక్క ప్రకారమే కొత్తగా కట్టుకుంటుంది, ఈ గొడవే రాదు. కానీ రాత్రి పదింటికి డంప్ తీస్తే పదింటి తర్వాత కట్టినవన్నీ పోయినట్టే.

"దానికీ పేచీలుండవని కాదు సార్." పాత పీజీ డంప్‌తో కొత్త సర్వర్‌ని డంప్ చేయమంటే వెర్షన్ కుదరదని మొరాయిస్తుంది. 16లో తీసిన కస్టమ్ ఫార్మాట్ డంప్‌ని 13లోని రీస్టోర్ పనిముట్టుతో తెరవబోతే, ఫైలు తలకట్టులో 1.15 అని ఉంది, నాకర్థం కాదు అంటుంది. "అవన్నీ అరిచే పేచీలు. అరిస్తే సగం పని అయినట్టే."

పోస్ట్‌గ్రెస్ 15 నుంచి కొంత మెరుగు. ఏ వెర్షన్ లైబ్రరీ వరసతో డేటాబేస్ తయారైందో రాసిపెట్టుకుంటుంది. తేడా వస్తే కనెక్ట్ అయిన ప్రతిసారీ హెచ్చరిస్తుంది, పుట్టింది 2.17 మీద, ఇప్పుడున్నది 2.34 అని. హెచ్చరిక మాత్రమే, ఆపదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఇలాంటి హెచ్చరికల్ని లాగ్ ఫైల్లోకి తోసేసి ముందుకెళ్లిపోతాయి, ఆ లాగ్ చదివే నాథుడుండడు. నన్నడిగితే వెర్షన్ తేడాకి తలుపు తీయని డేటాబేస్ ఈ తేడాకి కూడా, కనీసం మొదటిసారి, తలుపు తీయకూడదు. ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల అర్ధరాత్రి అనుభవాలు వాళ్లవి.

రెండున్నర అయింది. జంటలన్నీ తేలాయి. డోర్ నంబర్ల ఇండెక్స్ ఈసారి మారుమాటాడకుండా కట్టుకుంది. ఆవిడ అక్కడితో ఆగక డేటాబేస్ మొత్తాన్నీ రీఇండెక్స్‌కి పెట్టింది. అక్షరాల మీద ఇండెక్స్ ఎక్కడెక్కడ ఉందో ఏరుకుంటూ కూర్చోవడంకంటే అదే మేలు. ఆమ్‌చెక్ మళ్లీ నడిపింది. అన్నీ మౌనంగా ఉన్నాయి. కౌంటర్ తెరవమంది. చేత్తో రాసిన రసీదులు ఎక్కించడం మొదలైంది.

ఇడ్లీ పొట్లం ఇప్పుడు విప్పింది. తింటూనే సిస్టమ్స్ కుర్రాడికి చెబుతోంది: డోర్ నంబరు కాలమ్‌ని సీ కొలేషన్‌కి మార్చేద్దాం. అప్పుడు వరస అంటే ఒట్టి బైట్ల వరసే, ఏ లైబ్రరీ ఎప్పుడు మారినా కదలదు. డోర్ నంబరుకి భాషతో పనేముంది?

"పేర్లకి కూడా అదే పెట్టేస్తే పోలా అక్కా? 17లో అలాంటిదే లోపలే ఇచ్చారంట కదా."

ఇచ్చారు. పోస్ట్‌గ్రెస్ 17లో, ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడక్కుండా తన లెక్కే తాను వాడుకునే బిల్టిన్ లొకేల్ ఉంది. కానీ కుర్రాళ్లకిచ్చే వీధి జాబితాలో పేర్లు తెలుగులో అచ్చవుతాయి. యూనికోడ్ నంబర్ల వరసలో ఱ పోయి ర పక్కన, ళ పోయి ల పక్కన కూర్చుంటాయి. బడిలో నేర్చుకున్న అక్షరమాలలో ఆ రెండూ చివర్న ఉంటాయి. సున్నా గుర్తుకైతే నంబరు అ కంటే కూడా ముందే ఉంది. జాబితాలో పేరు వెతుక్కునే కుర్రాడికి ఇదంతా తికమకే. "పేర్లు అలాగే ఉండనీ. సర్వర్ మారినప్పుడు మాత్రం రీఇండెక్స్ మర్చిపోకు. రీస్టోర్ స్క్రిప్ట్‌లో మొదటి పనిగా ఆ రెండు పంక్తుల పరీక్ష పెట్టు. పాత మెషీన్ జవాబు ఒక ఫైల్లో దాచు, కొత్తది వేరేలా చెబితే స్క్రిప్ట్ ఆగిపోవాలి."

ఓనరుగారు స్క్రీన్ మీద బ్యాకప్పుల జాబితా చూస్తున్నారు. శనివారం రాత్రిది, ఆదివారం రాత్రిది, రెండింటి పక్కనా గ్రీన్ టిక్.

"ఇవి రెండూ పాడైనవే కదమ్మా. తీసేద్దామా?"

"వద్దు సార్. రెండ్రోజులు ఫోన్లో కట్టినవాళ్ల లెక్కలన్నీ వాటిల్లోనే ఉన్నాయి. ఇండెక్స్ ఒక్కటే తప్పు." ఫిజికల్ బ్యాకప్ కదా, చెడ్డ ఇండెక్స్‌నీ అంతే నమ్మకంగా ఎత్తి దాచింది. అంతకుముందువి, సెంటాస్ మీద తీసినవి, ఈ మెషీన్ మీద దించితే మళ్లీ ఇదే కథ. బ్యాకప్ ఫోల్డర్లో ఒక చిన్న ఫైలు తెరిచి తెలుగులోనే రాసింది: ఈ తేదీకి ముందువి ఏవి రీస్టోర్ చేసినా, కౌంటర్ తెరవకముందే రీఇండెక్స్ చేయాలి, సోమవారం పొద్దుటివైతే జంటలు కూడా చూడాలి.

తర్వాత కొత్తగా ఫుల్ బ్యాకప్ మొదలుపెట్టి, కుర్చీ వెనక్కి జరిపి ఓనరుగారి వైపు తిరిగింది.

"దీన్ని ఎక్కడైనా దించి చూడాలి సార్. ఖాళీగా ఉన్న మెషీన్ ఏదైనా ఉందా?"

"ఖాళీ అంటే... ఆ చివరున్నది. కానీ అది కెమెరాల రికార్డింగ్‌కి పెట్టిందమ్మా."

"ఒక్క రాత్రికి ఇవ్వండి సార్. నా బస్సు రేపటికి మార్చుకుంటాను."